పలక మీద ‘వదులు’

"ఆ పలక ఇటియ్యక్కా!"

"ఇవ్వను."

"మూడు రోజుల నుంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. అదేమన్నా పసిపిల్లా?"

"పసిపిల్లయితే నీకిచ్చేదాన్నే. పలక కాబట్టే ఇవ్వను. చెరిపేస్తావు."

మేస్త్రి భార్య పలకని తువ్వాలులో ఇంకో చుట్టు చుట్టి గుండెకి అదుముకుంది. దర్జీ పని చేసే ఆవిడ తమ్ముడు తువ్వాలు కొస పట్టుకుని లాగాడు. ఇరవై మంది పడుకున్న ఆసుపత్రి గదిలో పద్దెనిమిది మంది లేచి కూర్చున్నారు. పంతొమ్మిదో ఆయన లేవలేక తల తిప్పాడు. ఇరవయ్యో ఆయనే మేస్త్రి. ఈ గొడవంతా ఆయన గురించే.

మంచం మీద వీపు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళపాటు ఊళ్ళో సగం ఇళ్ళకి నీటి గొట్టాలు వేసినాయన. ఆరు వారాల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట, మింగడం, మూడూ ఒక్కసారే సెలవు పెట్టి వెళ్ళిపోయాయి. బుర్ర మాత్రం డ్యూటీలోనే ఉంది. మెడ ఒక పక్కకి వాలిపోయి, తల ఊపితే అవునన్నాడో కాదన్నాడో ఎవరికీ అంతుపట్టదు.

ముక్కుసూటి మనిషని పేరున్నాయన కదా, ముక్కులోంచి సూటిగా పొట్టలోకి గొట్టం పెట్టారు. ఐదు వారాలు ఆ దారినే పోషణ. పది రోజుల కింద ఇంట్లో ఉన్నట్టుండి పొర దగ్గు, వెంటనే జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము. మళ్ళీ ఆసుపత్రి. మూడు రోజుల కింద దగ్గీ దగ్గీ గొట్టం ఊడిపడింది. ముక్కు లోపలంతా పుండు.

"ఇంక ముక్కు వద్దు. గొట్టం పొట్టకే పెడదాం," అంది డాక్టరమ్మ. "కానీ ఆయనకి తెలివుంది. ఆయన ఊ అంటేనే నేను చెయ్యి వేస్తాను."

అప్పుడు మేస్త్రి ఎడం చేత్తో బలపం పట్టుకుని, చెమటలు కక్కుతూ, పలక మీద ఒకే ఒక్క మాట రాశాడు.

వదులు.

అంతే. ఆ మూడక్షరాలతో ఇంట్లో ముగ్గురికీ మూడు దారులు.

"పైజామా వదులైందని చెబుతున్నాడు బావ," అన్నాడు దర్జీ. వెంటనే నడుము కొలిచి, ఆ సాయంత్రమే రెండంగుళాలు లోపలికి కుట్టుకొచ్చాడు. మర్నాడు ఇంకో అంగుళం. ఇప్పుడా పైజామాలో మేస్త్రి ఊపిరి కూడా కొలత ప్రకారమే తీస్తున్నాడు.

కూతురు కోర్టులో టైపిస్టు. దేన్నైనా రాతలో చూస్తే తప్ప నమ్మదు, చూస్తే తప్పక నమ్ముతుంది. తండ్రి చెవి దగ్గరికి వంగి స్పష్టంగా అడిగింది.

"నాన్నా, ‘వదులు’ అంటే నిన్ను ఇలా వదిలెయ్యమనా నీ ఉద్దేశం?"

మేస్త్రి ఎడం చేతిలో స్టీలు చెంచా ఉంది. దాంతో మంచం ఇనప పట్టీ మీద కొట్టాడు. టంగ్. టంగ్.

"రెండుసార్లు ధ్రువీకరించారు," అని కూతురు నోటు పుస్తకంలో రాసుకుంది. రాసుకుంటుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. అది సిరా తప్పు కాదు.

మేస్త్రి భార్య మాత్రం పలక తీసుకుని తువ్వాలులో చుట్టేసింది. ఇదే ఆయన చివరి మాటైతే, దీన్ని చెరిపే హక్కు ఎవరికుంది?

ఆ హడావుడిలో ఎవరికీ తట్టనిదొకటుంది. పలక దాచేస్తే ఆయన ఇంకేదైనా రాయాలంటే దేని మీద రాస్తాడు?

పాపం, అప్పట్నుంచీ కొడుతూనే ఉన్నాడు. టంగ్, టంగ్. నర్సు పరుగున వచ్చి ఆయన కింద బెడ్‌పాన్ పళ్ళెం పెడుతుంది. అవసరం లేదని తెలుసుకుని విసుక్కుంటూ తీస్తుంది. టంగ్, టంగ్. మళ్ళీ పళ్ళెం. మూడు రోజుల్లో ఆ పళ్ళెం చేసిన ప్రయాణం ఆసుపత్రి వ్యాను కూడా చేసుండదు.

ఆ మోత వినబడినప్పుడల్లా మేస్త్రి భార్య గుండెలో కూడా రెండు దెబ్బలు పడుతున్నాయి. దానికి కారణం వేరే ఉంది. అది ఆవిడకీ ఆ చెంచాకీ మాత్రమే తెలుసు.

*

"పన్నెండుకి రేపటి ఆపరేషన్ల జాబితా మూసేస్తారమ్మా," అంది కూతురు గడియారం చూసుకుంటూ. "తర్వాత మళ్ళీ వచ్చే వారమే. అన్నాళ్ళు సెలైను మీద నిలబడరని డాక్టరమ్మ చెప్పింది కదా. ఏదో ఒకటి తేల్చాలి."

"ఆయన తేల్చేశాడుగా."

"నీకిష్టమేనా?"

"నా ఇష్టమెవడిక్కావాలి? ఆయన పొట్ట, ఆయన మాట."

"అక్కా, నేనొకటి చెప్పనా?" అన్నాడు దర్జీ.

"వద్దు."

"పోనీ సగం చెప్పనా?"

"నువ్వు కొలతలు తీసేవాడివి, కలతలు తీసేవాడివి కాదు. నోరు కుట్టుకుని కూర్చో."

"దారం తెచ్చుకోలేదు," అన్నాడు దర్జీ. ఎవరూ నవ్వలేదు. ఆయనకే తన జోకు మింగుడు పడలేదు. కుర్చీలో ఒదిగి, కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అద్దాలకేం కాలేదు.

"అసలా పొర దగ్గు ఎందుకొచ్చిందో కనుక్కుంటే సగం గొడవ తీరుతుంది," అంది కూతురు. "ఆ రోజు మధ్యాహ్నం మావయ్యే పక్కనున్నాడు. గొట్టంలోంచి పోసేటప్పుడు పడుకోబెట్టి పోసుంటావు మావయ్యా."

"నేనా? నలభై అయిదు డిగ్రీలు కూర్చోబెట్టాను! టేపు పెట్టి కొలిచాను!"

"టేపుతో డిగ్రీలు కొలుస్తారా ఎవరైనా?"

"అంగుళాల్లో కొలిచి డిగ్రీల్లోకి మార్చాను!"

"అమ్మా, నువ్వు చెప్పు. ఆ రోజు ఏం జరిగింది?"

మేస్త్రి భార్య కిటికీ వైపు చూసింది. నీళ్ళు నమిలింది. ఇంట్లో ఒకరికి గుక్కెడు నీళ్ళు పడవు, ఇంకొకరు ఇలా నములుతున్నారు!

"ఏం జరుగుతుంది? దగ్గొచ్చింది," అంది.

టంగ్, టంగ్.

ఆవిడ ఉలిక్కిపడింది. రెండు. సరిగ్గా రెండు. ఆయనకి అంతా గుర్తుంది. అందరికీ చెప్పేస్తున్నాడు.

*

మంచం తలవైపు గోడకి చేతులు కడుక్కునే తొట్టి ఉంది. దాని కుళాయి కారడం మొదలుపెట్టి వారమైంది. ఆసుపత్రి కుళాయిలు చూసే ముసలాయన ఆ పొద్దున తీరిక చేసుకుని వచ్చాడు. అందరూ ఆయన్ని రెంచి అంటారు. చేతిలో రెంచి లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

రెంచి కుళాయి విప్పేసి, కొత్తది తెచ్చి బిగించమని పై అంతస్తులో ఉన్న తన జోడీకి కబురు పంపి, తొట్టి కింద దూరాడు. బయటికి రెండు చెప్పులు తప్ప ఏమీ కనబడడం లేదు. గోడకి కుళాయి ఉండాల్సిన చోట బొటనవేలంత కన్నం.

మేస్త్రి మెడ వాల్చుకునే ఆ కన్నాన్ని గమనిస్తున్నాడు. ఆరు వారాల్లో మొదటిసారి ఆయన మొహంలోకి ఏదో వచ్చింది. మిఠాయి కొట్టు ముందు పిల్లాడి మొహంలోకి వచ్చేదే.

"అయితే డాక్టరమ్మకి వద్దనే చెప్పేద్దామా?" అంది కూతురు.

మేస్త్రి భార్య కళ్ళు మూసుకుంది. "చెప్పెయ్యి."

ఆ మాట మేస్త్రికి వినబడింది. చెంచా ఎత్తాడు. ఉన్న బలమంతా ఎడం చేతిలోకి తెచ్చుకున్నాడు. మంచం పట్టీ వెనక్కి ఒరిగి నీటి గొట్టానికి ఆనుకుని ఉంది.

టంగ్! టంగ్!

"ఆఁ, వదులుతున్నా!" అంది తొట్టి కింద నుంచి ఒక గొంతు.

వదిలింది.

గోడ కన్నంలోంచి నీళ్ళు బాణంలా వచ్చి, ముందు దర్జీ కళ్ళద్దాలని, తర్వాత దర్జీని, తర్వాత కూతురి నోటు పుస్తకాన్ని, ఆ తర్వాత మేస్త్రి భార్యని, ఆవిడ ఒళ్ళో తువ్వాలుని, తువ్వాలులో పలకని నిలువునా తడిపేశాయి. పళ్ళెం పట్టుకుని పరుగెత్తుకొచ్చిన నర్సు మొదటిసారి దాన్ని పనికొచ్చేలా వాడింది, మొహానికి అడ్డం పెట్టుకుంది.

"కట్టు! కట్టవయ్యా!" అని దర్జీ మునిగిపోతున్నట్టు అరిచాడు.

రెంచి కట్టేశాడు. తొట్టి కింద నుంచి కోపంగా బయటికొచ్చాడు. "కుళాయి బిగించకుండా వదలమన్నదెవరు? పైనున్నవాడికి బుద్ధిలేదా?"

"పైనెవరూ వదలమన్లేదు!" అన్నాడు దర్జీ.

"రెండు దెబ్బలు వినబడ్డాయి నాకు. ఒకటి కొడితే కట్టు, రెండు కొడితే వదులు. నలభై ఏళ్ళ నుంచి ఇదే లెక్క. గొట్టాల పనిలో ఎవణ్ణడిగినా చెబుతాడు. ఆ అంతస్తులో ఉన్నవాడికి ఈ అంతస్తులో ఉన్నవాడి గొంతు వినబడదు కదమ్మా! లైను వెయ్యడమయ్యాక, అంతా సిద్ధం, ఇంక నీళ్ళు పంపు అని చెప్పాలంటే రెండు కొడతాం. పక్కనే ఉంటే నోటితోనే అంటాం, వదులూ అని."



అందరూ మెల్లగా మంచం వైపు తిరిగారు.

మేస్త్రి నవ్వుతున్నాడు. సగం మొహమే నవ్వుతోంది. మిగతా సగం పక్షవాతంలో ఉంది, అయినా మొహమాటానికి కాస్త కదులుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి గోడ నీళ్ళో ఆయన సొంత నీళ్ళో విడదీయడం కుదరదు.

"అంటే..." అంది మేస్త్రి భార్య. "అంటే మీరు... వదిలెయ్యమని కాదా?"

"మీ ఇంటాయన గొట్టాల మనిషా?" అన్నాడు రెంచి ఆశ్చర్యంగా. "ఇన్నాళ్ళూ ఆ దెబ్బలు మీకు తెలీవా?"

"నాకెలా తెలుస్తుంది నాయనా? ఇంట్లో కుళాయి ఒక్కసారైనా బాగుచేస్తే కదా! ముప్ఫయ్యేడేళ్ళ నుంచీ దాని కింద బకెట్టు పెట్టుకుని కాపురం చేస్తున్నాను!"

*

తువ్వాలు విప్పి చూస్తే పలక శుభ్రంగా ఉంది. నీళ్ళు వదిలేసరికి ‘వదులు’ కాస్తా వదిలిపోయింది. మూడు రోజులు కాపాడిన మాట పోయినందుకు ఆవిడకి ఒక్క చుక్క ఏడుపు రాలేదు. కొంగుతో పలక తుడిచి, బలపం ఆయన వేళ్ళ మధ్య పెట్టింది.

"రాయండి. ఈసారి నాకు అర్థమయ్యే భాషలో రాయండి."

మేస్త్రి చాలాసేపు రాశాడు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి కూడబలుక్కుని చదివారు.

‘పెట్టండి. యూనియన్ వెయ్యాలి. పైజామా వదులు చెయ్యి.’

"చూశావా! పైజామా గురించి కూడా ఉంది!" అన్నాడు దర్జీ, గెలిచినట్టు.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. తడిసిన నేల, తడిసిన మనుషులు, రెంచి, పళ్ళెం, అన్నీ ఓసారి చూసి, ఏమీ అడక్కూడదని నిర్ణయించుకుని పలక అందుకుంది.

"పెట్టండి. మంచిది. ఈ యూనియన్ ఏంటి? సమ్మె చేస్తారా?"

రెంచి ముందుకొచ్చాడు. ఒక గొట్టాన్నీ ఇంకో గొట్టాన్నీ కలిపే ఇత్తడి ముక్క సంచీలోంచి తీసి చూపించాడు. "ఇదేనమ్మా యూనియన్. ఇది వేస్తే, కావాలన్నప్పుడు లైను కొయ్యకుండా విప్పి తీసెయ్యొచ్చు. ఇది లేకుండా వేస్తే ఇంక అదే శాశ్వతం. మావాళ్ళు తాత్కాలికమని వేసిన లైను ఏదీ మళ్ళీ తియ్యరు. అసలు లైను తుప్పు పట్టి పోతుంది. ఆయన భయం అది."

మేస్త్రి రెండు కొట్టాడు. ఈసారి నర్సు కదల్లేదు.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "అయితే వినండి మేస్త్రిగారూ. నోట్లోంచి సన్నటి కెమెరా పంపిస్తాను. దాని చివర దీపం ఉంటుంది. ఆ వెలుగు పొట్ట చర్మం మీద ఎక్కడ కనబడితే అక్కడే చిన్న కన్నం. గొట్టం అక్కడ బయటికొస్తుంది. లోపల ఒక బిళ్ళ, బయట ఒక బిళ్ళ, జారిపోకుండా. మీకు మత్తిస్తాం. ఇరవై నిమిషాల పని. మింగడం వచ్చిన రోజున తీసేస్తాం. కన్నం దానంతటదే ఒకట్రెండు రోజుల్లో పూడుకుపోతుంది."

మేస్త్రి కళ్ళు పెద్దవయ్యాయి. బలపం అందుకున్నాడు.

‘సిమెంటు లేకుండానా?’

"సిమెంటు లేకుండానే."

మేస్త్రి తన పొట్ట వైపు గౌరవంగా చూసుకున్నాడు. నలభై ఏళ్ళు గోడలు కొట్టి, పూడ్చి, పూత పూసిన మనిషి. ఇంత మంచి గోడ తనతోనే తిరుగుతోందని ఇన్నాళ్ళూ తెలియలేదు.

"అసలు లైను తుప్పు పట్టకుండా మింగే కసరత్తులు రోజూ చేయిస్తారు," అంది డాక్టరమ్మ. "కానీ ఒక్క విషయం తేలాలి. ఆ రోజు నోటి ద్వారా ఏమైనా పెట్టారా? ఎవరైనా సరే. కోప్పడను. తెలియాలి, అంతే."

కూతురు దర్జీ వైపు చూసింది. దర్జీ పైకప్పు వైపు చూశాడు.

మేస్త్రి భార్య ఆ చెంచా వైపు చూసింది.

"నేనే," అంది.

దర్జీ కళ్ళు పైకప్పు నుంచి దిగాయి.

"టీ. రెండు చెంచాలు. నేను తాగుతుంటే ఆయన గ్లాసు వైపే చూశాడు. ఆయన మింగేదాకా నా నోరు కట్టేసుకుందామనుకున్నాను, కట్టుకోలేకపోయాను. ఆయనకెదురుగా కూర్చుని తాగడం... నాకు గొంతు దిగలేదు. రెండే రెండు చెంచాలు. ఆ తర్వాత దగ్గు." ఆవిడ తడి కొంగు పిండుకుంది. "మూడు రోజుల నుంచీ ఈయన రెండు కొడుతుంటే, రెండు చెంచాలని చెబుతున్నాడనుకున్నాను. నా మీద ఫిర్యాదనుకున్నాను."

"మరి నన్నంటుంటే ఊరుకున్నావేం అక్కా?" అన్నాడు దర్జీ. తిట్టలేదు. అడిగాడంతే.

"నువ్వు తట్టుకుంటావని."

"తట్టుకున్నాననుకో," అన్నాడు దర్జీ, కళ్ళద్దాలు మళ్ళీ తుడుచుకుంటూ.

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది. కోర్టులో రోజుకి వంద పేజీలు కొట్టే వేళ్ళకి ఆ భుజాన్ని నిమరడం తప్ప ఏమీ తోచలేదు.

అప్పటిదాకా రాస్తూనే ఉన్న మేస్త్రి పలక ఎత్తి చూపించాడు. డాక్టరమ్మకి కాదు, కూతురికి కాదు. సూటిగా భార్యకి.

‘టీ బాగుంది. పంచదార తక్కువ.’

ఆవిడ నవ్వింది. ఏడ్చింది. రెండిట్లో ఏది ముందో నర్సు కూడా చెప్పలేకపోయింది.

"ఇంకెప్పుడూ నోటికివ్వకండమ్మా, నేను చెప్పేదాకా," అంది డాక్టరమ్మ లేస్తూ. "సోమవారం మింగడం పరీక్షించే ఆవిడ వస్తుంది. ఆవిడ ఊ అంటేనే చెంచా."

కాగితం మీద మేస్త్రి ఎడం చేత్తో సంతకం పెట్టాడు. సంతకం వంకర పోయింది. పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది.

*

మర్నాడు పది గంటలకి తీసుకెళ్ళారు, పదకొండు కాకుండానే తెచ్చేశారు. మత్తు దిగగానే మేస్త్రి చేసిన మొదటి పని దుప్పటి ఎత్తి బిగింపు చూసుకోవడం. బయటి బిళ్ళని వేలితో చిన్నగా తట్టాడు. కారుతుందేమోనని కాసేపు కాపలా కాశాడు. కారలేదు. పని నచ్చినట్టు తల ఊపాడు. ఈసారి అది అవునే.

మధ్యాహ్నానికి పోషణ మొదలుపెట్టొచ్చన్నారు. ముందు గోరువెచ్చని నీళ్ళు, తర్వాత డబ్బాలోని పాలలాంటి ద్రవం, తర్వాత మళ్ళీ నీళ్ళు, గొట్టం పూడుకుపోకుండా. నర్సు అదంతా చెబుతుంటే మేస్త్రి, చాలా చిన్న ఉద్యోగిని పరీక్షిస్తున్న పెద్ద ఇంజనీరులా విన్నాడు.

"ఎవరు పోస్తారు?" అంది నర్సు.

"అక్క," అన్నాడు దర్జీ.

"అమ్మ," అంది కూతురు.

మేస్త్రి భార్య చేతులు రెండుసార్లు కడుక్కుంది. కుళాయి కారడం లేదు. పెద్ద సిరంజి గొట్టానికి తగిలించి, ఎత్తి పట్టుకుని, నీళ్ళు పోసింది. గొట్టానికి చిన్న నొక్కుడు బిళ్ళ ఉంది, అది తీస్తే దారి తెరుచుకుంటుంది. ఆవిడ వేలు దాని మీద ఆగిపోయింది. పోయినసారి ఈ చేత్తో ఇచ్చింది ఊపిరితిత్తుల్లోకి పోయింది.

"భయమేస్తోందండీ," అంది, ఆయనకి మాత్రమే వినబడేలా.

మేస్త్రి చెంచా తీసుకున్నాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు.

టంగ్. టంగ్.

వదిలింది.

నీళ్ళు సిరంజిలో ఒక్కో గీతా దిగాయి. తర్వాత పాలు. దగ్గు లేదు, పొర లేదు. మేస్త్రి కళ్ళు సగం మూసుకున్నాడు. కడుపు నిండిన మనిషి మొహం నోటితో తిన్నా పొట్టతో తిన్నా ఒకేలా ఉంటుందని ఆవిడకి ఆ మధ్యాహ్నం తెలిసింది.

దర్జీ పైజామా కుట్లు విప్పుతూ పక్క మంచం ఆయనకి గొట్టం గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. కూతురు వరండాలో ఫోను పట్టుకుని, సెలవు ఇంకో రెండు రోజులు పొడిగించుకుంటోంది. మేస్త్రి భార్య చివరి నీళ్ళు కూడా పోసి, బిళ్ళ బిగించి, కుర్చీలో వెనక్కి వాలి, పొద్దుటి నుంచీ ఆగిన టీ ఫ్లాస్కు మూత తీసింది.

టంగ్, టంగ్.

తలెత్తి చూసింది. ఇప్పుడేం వదలాలి? అన్నీ అయిపోయాయిగా. ఆయన కళ్ళు గొట్టం మీద లేవు, ఫ్లాస్కు మీద ఉన్నాయి.

"ఓహో," అంది ఆవిడ. చెంచా ఆయన చేతిలోంచి లాక్కుంది. మంచం పట్టీ మీద ఒక్కటి కొట్టింది. టంగ్. "కట్టు! సోమవారం దాకా కట్టు!"

మేస్త్రి మొహం ముడుచుకున్నాడు. ఆవిడ గ్లాసులో టీ పోసుకుంటుంటే ఆవిరి అటే పోయింది. ఆయన ఆ ఆవిరిని చూస్తూ గుటక వేశాడు.

గ్లాసు ఆవిడ చేతిలో ఆగిపోయింది.

గుటక.

ఆరు వారాలుగా ఆయన నోట్లో ఊరినదంతా తువ్వాలులోకే పోయింది. గంటకో తువ్వాలు మార్చింది ఈ చెయ్యే. ఇప్పుడు పెదవి చివర తడి లేదు. గొంతుముడి పైకి లేచింది, కిందికి దిగింది. తను చూసింది. నిజంగా చూసిందా?

కేక వెయ్యబోయి మాట మింగేసింది. దగ్గొస్తుందేమో. ముందు దగ్గొస్తుందేమో చూడాలి.

లోలోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆయన కూడా కదలకుండా, తన గొంతులో ఏం జరిగిందో తనకే అర్థం కానట్టు, ఆవిడ కళ్ళలోకే చూస్తున్నాడు.

"ఎనిమిది... తొమ్మిది... పది..."

"ఏం లెక్కపెడుతున్నావక్కా?" అన్నాడు దర్జీ వెనక నుంచి.

ఆవిడ చెయ్యి ఎత్తి, వెనక్కి తిరక్కుండానే, చెంచాతో మంచం మీద ఒక్కటి కొట్టింది.

దర్జీకి ఇప్పుడా భాష తెలుసు. నోరు కట్టేశాడు.

"పదకొండు... పన్నెండు..."